ఓ గంట నడక ఇవ్వలేని ప్రేమ: ‘ది ఫౌంటెన్’కి డివైడ్ టాక్ ఎందుకొచ్చింది

శుక్రవారం పొద్దున ప్రసాద్స్ మల్టీప్లెక్స్ బయట మైకులు పట్టుకుని నిలబడే యూట్యూబ్ కుర్రాళ్లకు ఏ సినిమా గురించైనా మూడింట్లో ఒక మాట చాలు: హిట్టు, ఫట్టు, డివైడ్ టాక్. మూడో మాట వినపడితే నిర్మాతకు గుండె దడ మొదలవుతుంది. హైదరాబాద్‌లో డివైడ్ టాక్ అంటే చాలాసార్లు ఫ్లాప్‌కి పెట్టిన మర్యాదైన పేరు, సోమవారానికి ఆ మర్యాద కూడా మిగలదు. కానీ నిజంగానే జనాన్ని రెండుగా చీల్చి, ఏళ్లు గడిచినా ఆ చీలికను అలాగే ఉంచే సినిమాలు కొన్ని ఉంటాయి. డారెన్ అరొనాఫ్‌స్కీ 2006లో తీసిన ‘ది ఫౌంటెన్’ ఆ కోవలోది. సైన్స్ ఫిక్షన్ అంటే ఒప్పుకోని వాళ్లున్నారు, ప్రేమకథ అంటే ఒప్పుకోని వాళ్లున్నారు, అసలు కథే లేదనే వాళ్లూ ఉన్నారు. రెండోసారి చూసి ఏడ్చిన వాళ్లు మాత్రం ఈ తగాదాలోకి దిగరు.

చీలిక మొదటి రోజే మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో వెనిస్ చిత్రోత్సవంలో ముందుగా పత్రికల వాళ్లకు వేస్తే హాల్లో గేలి చేశారు. తర్వాత మామూలు ప్రేక్షకులకు వేస్తే లేచి నిలబడి పది నిమిషాల పాటు చప్పట్లు కొట్టారు. నవంబరులో అమెరికాలో విడుదలైంది. 3.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి వచ్చింది దాదాపు 1.6 కోట్లు. మన లెక్కలో డిజాస్టర్, డిస్ట్రిబ్యూటర్ ఫోన్ ఎత్తని రకం.

ఆ మాత్రమైనా తెర మీదికి రావడమే గొప్ప. మొదట అనుకున్న బడ్జెట్ 7 కోట్ల డాలర్లు. జంట బ్రాడ్ పిట్, కేట్ బ్లాంచెట్. ఆస్ట్రేలియాలో పెద్ద పెద్ద సెట్లు లేచాయి. 2002లో షూటింగ్‌కి ఇంకొన్ని వారాలుందనగా పిట్ తప్పుకున్నాడు, పని ఆగిపోయింది, సెట్లు వేలంలో పోయాయి. దర్శకుడు మాత్రం వదల్లేదు. కథను కెంట్ విలియమ్స్ బొమ్మలతో 2005లో గ్రాఫిక్ నవలగా తెచ్చాడు. సినిమాను సగం డబ్బుతో, హ్యూ జాక్‌మన్, రేచల్ వైస్‌లతో, మాంట్రియల్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. తనకు ముప్ఫై నిండుతున్న రోజుల్లో తల్లిదండ్రులకు క్యాన్సర్ అని తెలిసిందనీ, ఈ కథకు బీజం అక్కడే పడిందనీ ఆయనే చెప్పుకున్నాడు. చచ్చిందనుకున్న సినిమాని చావనివ్వకుండా ఇన్నేళ్లు పట్టుకుని కూర్చున్న మనిషి, చావును ఒప్పుకోవడం గురించి సినిమా తీశాడన్నమాట. ఇందులోని వెటకారం ఆయనకు తట్టే ఉంటుంది.

కథ 96 నిమిషాలు, మూడు కాలాలు. మధ్యలో ఉన్నది మన కాలం. టామీ మెదడు మీద పరిశోధన చేసే డాక్టర్, భార్య ఇజ్జీకి మెదడులో కణితి. గ్వాటెమాలా నుంచి తెచ్చిన ఓ చెట్టు రసాన్ని అతను కోతుల మీద పరీక్షిస్తుంటాడు, ఆమె ఇంట్లో కూర్చుని ఓ నవల రాస్తుంటుంది. ఆ నవలే మొదటి కాలం: స్పెయిన్ రాణి ఇసబెల్లా కోసం తోమాస్ అనే యోధుడు మాయా జాతి అడవుల్లో జీవవృక్షాన్ని వెతుక్కుంటూ పోతాడు. మూడోది ఎప్పటిదో తెలియని భవిష్యత్తు. గుండు చేయించుకున్న మనిషొకడు, నీటిబుడగలాంటి గోళంలో, ఎండిపోతున్న ఓ చెట్టును వెంటబెట్టుకుని, ఆరిపోతున్న నక్షత్రం వైపు ఆకాశంలో ప్రయాణిస్తుంటాడు. మాయా జనం ఆ నక్షత్రాన్ని షిబాల్బా అనేవారని ఇజ్జీ చెబుతుంది. వాళ్ల పురాణాల్లో షిబాల్బా అంటే మరణలోకం.

ఇక్కడ తెలుగు ప్రేక్షకుడికి ఒక చిక్కు ఉంది. మూడు కాలాల్లో ఒకే జంట కనబడగానే పునర్జన్మ అని ఫిక్సయిపోతాడు. తప్పు అతనిది కాదు. ‘మూగ మనసులు’ (1964) నుంచి ‘మగధీర’ (2009) దాకా మన తెర మీద ఈ జన్మలో కలవని వాళ్లు పై జన్మలో కలుస్తూనే ఉన్నారు. చెయ్యి తగిలితే చాలు, నాలుగు వందల ఏళ్ల కిందటిది గుర్తొస్తుంది. ఆ అలవాటుతో ‘ది ఫౌంటెన్’ చూస్తే ఇంటర్వెల్ లోపే తాళం పడిపోతుంది: మరి గత జన్మ గుర్తు రాలేదేం? విలన్ మళ్లీ పుట్టలేదేం?

ఈ మూడూ మూడు జన్మలు కావు. మొదటిది ఇజ్జీ రాసిన కథ, అంతే. చరిత్ర ప్రకారం చూసినా అది కల్పనే. ఇసబెల్లా రాణి 1504లో పోయింది, స్పెయిన్ సేనలు పెద్రో దె అల్వరాదో వెంట గ్వాటెమాలాలోకి దిగింది 1524లో. రాణి బతికుండగా ఆమె పంపిన యోధుడు ఆ అడవుల్లో తిరిగే వీల్లేదు. సినిమా దీన్ని వేలెత్తి చూపదు, కానీ నవల రాస్తున్న మనిషికి ఆ స్వేచ్ఛ ఉంటుంది.

గట్టి వాదన నడిచేది మూడో కాలం మీద. ఒక వర్గం లెక్కలో ఆ గుండు మనిషి టామీయే: చెట్టు రసంతో నిజంగానే చావును వాయిదా వేసి, వందల ఏళ్లు బతికి, భార్య సమాధి మీద మొలిచిన చెట్టుతో బయల్దేరాడు. దీనికి రుజువు అతని వేలి మీదే ఉంది. టామీ ల్యాబ్‌లో పెళ్లి ఉంగరం పోగొట్టుకుంటాడు. ఆమె పోయాక, ఆమె ఇచ్చిన కలం పాళీతోనే ఉంగరం వేలి చుట్టూ పచ్చబొట్టు పొడుచుకుంటాడు. ఆకాశంలోని మనిషికి ఆ పచ్చబొట్టు ఉంది. పైగా మోచేతుల దాకా గీతలు, చెట్టు మొద్దును కోస్తే కనిపించే వలయాల్లా. రెండో వర్గం మాట వేరు. ఇజ్జీ చివరి అధ్యాయం రాయకుండా పుస్తకాన్ని భర్త చేతిలో పెట్టి, నువ్వు పూర్తి చెయ్యి అంటుంది. ఆకాశయానం అతను రాసిన ఆ చివరి అధ్యాయమే. ఆలోచిస్తే రెండోదే బాగా అతుకుతుంది. యోధుడి కథ ఆగిన చోటికి ఆకాశంలోని మనిషి వచ్చి దాన్ని ముందుకు నడిపించడం, రాస్తున్నవాడు తన కథలోకి తానే దిగినట్టుంటుంది. అయితే సినిమా తలుపు గడియ వేయకుండా వదిలింది, దాన్ని బలవంతంగా మూయాల్సిన అవసరమూ లేదు.

ఏ వర్గంలో నిలబడినా తేడా ఒకటే. పునర్జన్మ కథలో చావు అంటే ఇంటర్వెల్, పాప్‌కార్న్ తిని వస్తే సెకండాఫ్ ఉంటుంది. ఇక్కడ ఇంటర్వెల్ కార్డు పడదు. ఉన్నది ఒకే మనిషి, ఒకే శోకం.

మన కథల్లో ప్రేమా చావూ ఎదురుపడితే గెలిచేది ప్రేమే. ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వంలో సావిత్రి యముడి వెనకే నడిచి, మాటకు మాట చెప్పి, వరం మీద వరం రాబట్టి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. ఊళ్లో బుర్రకథలో విన్నా, పాత సినిమాలో చూసినా, ఆ కథ నేర్పేది ఒకటే: ఎంత మొండిగా నిలబడితే అంత ప్రేమ. ‘ది ఫౌంటెన్’లో సావిత్రి వేషం భర్తది. టామీ తిండీ నిద్రా మానేసి యముడి వెంటపడ్డాడు. చావు కూడా ఒక జబ్బే, దానికీ మందుంటుంది, ఆ మందు నేను కనిపెడతాను అని భార్య సమాధి దగ్గర నిలబడి అంటాడు. మన పద్ధతిలో అది హీరో డైలాగు, విజిల్స్ పడాలి. సినిమా మాత్రం అతన్ని అక్కడ మెచ్చుకోదు, జాలిగా చూస్తుంది. హాలు రెండుగా చీలేది ఇక్కడే. పోరాడేవాణ్ణి తప్పుపడుతుంటే ఒప్పుకోవడం అంత తేలిక కాదు, ముఖ్యంగా సావిత్రి కథ వింటూ పెరిగినవాళ్లకు.

భారతంలోనే ఇంకో కథ ఉంది, సావిత్రిదంత పేరు లేనిది. నన్నయ ఆదిపర్వంలో వస్తుంది. రురుడు ప్రమద్వరను పెళ్లాడబోతుండగా ఆమె పాము కరిచి చనిపోతుంది. అడవిలో పడి ఏడుస్తున్న రురుడికి దేవదూత కనిపించి, నీ ఆయుష్షులో సగమిస్తే లేస్తుందంటాడు. ఇచ్చేస్తాడు, ఆమె లేస్తుంది. కథ అక్కడ ముగియదు. ప్రమద్వర బతికొచ్చాక కూడా రురుడికి పాముల మీద కసి తీరదు. కర్ర పట్టుకుని కనిపించిన పామునల్లా చంపుతూ తిరుగుతాడు. చివరికి డుండుభం అనే ఓ విషం లేని పాము మీద కర్ర ఎత్తితే, అది మనిషి మాటలతో ఆపి, నేనేం చేశానని అడుగుతుంది.

ఆయుష్షు పంచి ఇచ్చినవాడూ, కర్ర పట్టినవాడూ ఒకే రురుడు. టామీలో కర్ర పట్టినవాడే కనిపిస్తాడు. ఆయుష్షు ఇచ్చినవాడు కనిపించాల్సిన చోటు సినిమాలో ఒకటుంది, నిజానికి మొత్తం సినిమా ఆ చోటు చుట్టూనే తిరుగుతుంది. ఇజ్జీ వచ్చి, ఈ ఏడాది తొలి మంచు పడుతోంది, కాసేపు నడిచొద్దాం రా అంటుంది. అతనికి ఆపరేషన్ ఉంది, ల్యాబ్‌లో అందరూ ఎదురుచూస్తున్నారు. కుదరదంటాడు. ఆమె తలుపు తీసుకుని వెళ్లిపోతుంది. అరనిమిషం దృశ్యం. సినిమా దాన్ని పదే పదే తెస్తుంది, ఆకాశంలో ఉన్న మనిషిని కూడా వెంటాడేది అదే. యోధుడి కత్తియుద్ధం కాదు, నక్షత్రం పేలడం కాదు, వెళ్లకుండా పోయిన ఓ నడక. రురుడు సగం ఆయుష్షు ఇచ్చాడు. టామీ ఆమె కోసమే రాత్రింబవళ్లు పనిచేస్తూ ఆమెకు ఓ గంట ఇవ్వలేకపోయాడు.

ఈ దృశ్యం హైదరాబాద్ ఇళ్లకు కొత్తదేం కాదు, మంచు ఒక్కటే తక్కువ. ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తెలిస్తే మగపిల్లలు రిపోర్టుల ఫైలు చంకన పెట్టుకుని లక్డీకాపూల్ నుంచి బంజారాహిల్స్‌కి, అక్కణ్ణుంచి గచ్చిబౌలికి తిరుగుతారు. ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం, ముంబయి టాటాకి పంపిద్దాం, ఎవరో పసరు మందు ఇస్తారట కనుక్కుందాం. ఇదంతా ప్రేమే, కాదనేవాళ్లు లేరు. మంచం మీదున్న మనిషి మాత్రం కిటికీ లోంచి చూస్తూ, ఒకసారి ట్యాంక్‌బండ్ దాకా తీసుకెళ్లరా అంటుంది. “ముందు నయం కానీ అమ్మా, తర్వాత చూద్దాం.” ఆ ‘తర్వాత’ ఫైల్లో ఎక్కడా ఉండదు.

మన ఇళ్లలో ఇంకో ఆనవాయితీ ఉంది: పేషెంట్‌కి జబ్బు పేరు చెప్పకూడదు, తట్టుకోలేదు. డాక్టర్ని వరండాలోకి పిలిచి మాట్లాడతారు. ‘ది ఫౌంటెన్’లో ఇది తలకిందులైంది. ఇజ్జీకి అంతా తెలుసు, తెలిసి కుదుటపడింది కూడా. తట్టుకోలేనివాడు, చెప్పినా వినపడనివాడు భర్త. మ్యూజియంలో కూలబడి ఆసుపత్రిలో కళ్లు తెరిచాక, భయం పోయిందని చెప్పబోతుంది. అతను చికిత్స గురించి మాట్లాడతాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఉంటారు, మాటలు మాత్రం కలవవు. నయం కాదని తేలాక నొప్పి తగ్గించి మిగిలిన రోజుల్ని తేలిక చేసే వైద్యం హైదరాబాద్‌లోనూ ఉంది. బంజారాహిల్స్‌లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ లాంటివి డబ్బు తీసుకోకుండా ఆ పని చేస్తాయి. అక్కడికి తీసుకెళ్దామని ఇంట్లో మొదట నోరు తెరిచినవాడి మీద మాత్రం చేతులెత్తేశాడన్న నింద పడుతుంది. ఆ నింద ఎంత బరువో తెలిసినవాళ్లకు టామీ మొండితనం పిచ్చిగా కనిపించదు. అందుకే ఈ సినిమా నచ్చనివాళ్లందరూ అర్థంకాక నచ్చలేదన్నారని అనుకోవడం పొరపాటు. కొందరికి బాగా అర్థమయ్యే నచ్చలేదు.

చెట్టు గురించి ఓ మాట. ఆకాశంలో ఆ మనిషి చెట్టు బెరడు చెక్కుకు తిని బతుకుతుంటాడు, దానితో మాట్లాడతాడు, దాని మీది నూగు ఇజ్జీ మెడ మీది రోమాల్లా నిక్కబొడుచుకుంటుంది. విన్నప్పుడు కొంచెం ఎబ్బెట్టుగా ఉండే ఈ ఊహ, గోల్కొండ నయా ఖిల్లాలోని హతియాన్ కా ఝాడ్ చూసినవాళ్లకు అంత వింతగా తోచదు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఆ బావోబాబ్ వయసు దాదాపు నాలుగు వందల ఏళ్లంటారు. ఏనుగు చర్మం లాంటి బెరడు, లోపల మనుషులు పట్టేంత డొల్ల. బావోబాబ్‌కి బెరడు ఒలిచినా మళ్లీ పెరిగే గుణం ఉంది. దాని పక్కన నిలబడినప్పుడు కాలం గురించి వచ్చే ఆలోచన, ఈ సినిమా కోట్ల డాలర్లు పోసి తేవాలనుకున్న ఆలోచన ఒకటే.

డబ్బు సగానికి పడిపోవడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. ఆకాశాన్ని కంప్యూటర్లో గీయించడానికి బదులు, పీటర్ పార్క్స్ అనే సూక్ష్మ ఛాయాగ్రాహకుడి చేత చిన్న గాజు పళ్లేల్లో రసాయనాలు కలిపించి, అవి విచ్చుకుంటుంటే దగ్గరగా తీయించారు. మనకు తెర మీద పాలపుంతలా కనిపించేది అరచేతిలో పట్టేంత ద్రవం. 2006 నాటి గ్రాఫిక్స్ ఇప్పుడు చూస్తే వీడియో గేముల్లా తేలిపోతాయి, ఈ ఆకాశం మాత్రం పాతబడలేదు. మాథ్యూ లిబాటిక్ కెమెరా టామీని చీకట్లో, ఇజ్జీని వెలుతురులో పెట్టి, చివరికి అతన్ని కూడా వెలుగులోకి లాగుతుంది. క్లింట్ మాన్సెల్ సంగీతం గురించి మాత్రం రెండు వర్గాలకీ గొడవ లేదు. సినిమాని తిట్టినవాళ్లు కూడా ఆ పాటల్ని ఫోన్లో పెట్టుకున్నారు.

తప్పులు చెప్పకపోతే అన్యాయం. ఇజ్జీ పాత్రలో మనిషి కంటే జ్ఞానం ఎక్కువ. ఆమెకు కోపం రాదు, వాంతి రాదు, జుట్టు చిందరవందరగా ఉండదు. తెల్లటి బట్టల్లో నవ్వుతూ భర్తకు పాఠం చెప్పి వెళ్లిపోతుంది. మన సినిమాల్లో బ్లడ్ క్యాన్సర్ వచ్చిన హీరోయిన్ దగ్గేటప్పుడు కూడా అందంగా ఉంటుందని నవ్వుకునేవాళ్లు, ఇక్కడ ఆర్ట్ సినిమా ముద్ర చూసి ఊరుకోనక్కర్లేదు. మాయా జనం సంగతీ అంతే. వాళ్ల పురాణమే కథకు ఆయువుపట్టు, వాళ్లు మాత్రం బల్లేలు పట్టుకుని చీకట్లోంచి మీదపడే గుంపు. ఒక మినహాయింపు ఉంది. వాళ్లలో ఒకడు తన తండ్రి గురించి చెప్పిన కథను ఇజ్జీ టామీకి చెబుతుంది. తండ్రి సమాధి మీద విత్తు నాటారు, ఆయన చెట్టులో కలిశాడు, చెట్టు పూసింది, పండు తిన్న పిట్టతో ఎగిరిపోయాడు. సినిమా మొత్తంలో ఇంత సాదాగా మాట్లాడిన చోటు మరొకటి లేదు.

యోధుడి ముగింపు కూడా అంతే గట్టిది. తోమాస్ చివరికి జీవవృక్షాన్ని చేరి ఆత్రంగా పాలు తాగుతాడు. గాయం మానుతుంది. మరుక్షణం ఒంట్లోంచి మొక్కలు చీల్చుకుని వచ్చి, పూలు పూసి, అతన్ని నేలలో కలిపేస్తాయి. అడిగిన అమరత్వం దొరికింది, గడ్డిగా దొరికింది. మన రాక్షసులు వరాలు అడిగి దొరికిపోయిన పద్ధతి ఇదే కాబట్టి ఇది తెలుగువాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది, ఈ ఊళ్లో కూర్చుని చూస్తే అది ఇంకా గట్టిగా వినపడుతుంది. హబ్సిగూడలో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, దాని పక్కనే రసాయనాల మీద చేసే ఐఐసీటీ, శామీర్‌పేట వైపు మందుల కంపెనీల జీనోమ్ వ్యాలీ. ఇంట్లో ఒకరు ల్యాబ్ ఉద్యోగులైన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. చెట్టు రసం కోతికిచ్చి, కొద్ది రోజుల్లో భార్యకు పనికొచ్చే మందు తేవాలనుకోవడం చూస్తే వాళ్లకు నవ్వొస్తుంది. ల్యాబ్‌లో పనిచేసిన పదార్థం మనిషి దాకా రావడానికి పదేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. అది సినిమా తీసుకున్న స్వేచ్ఛ, పోనీ. కానీ ల్యాబ్‌లో కూర్చున్న మొండితనమంతా ప్రేమ మీద చేసిన దొంగతనమేనా?

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. ఆయన అమెరికా వెళ్లి, లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో ఫోలిక్ యాసిడ్ తయారీకి దారి చూపించాడు. స్ప్రూకి అది మందు. అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. అక్కడితో ఆగకుండా ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే పదార్థాలు ఆయన బృందం చేసింది, వాటిలో ఒకటైన ఎమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు 1947-48లో చికిత్స చేశాడు. ఆ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో ఎక్కిస్తున్నారు. సుబ్బారావు 1948లో పోయాడు. తనవాళ్లకు ఆలస్యమైన మందు ఇంకొకరి పిల్లలకు వేళకు అందింది.

సినిమాలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, సినిమా మాత్రం దాన్ని దాటుకుంటూ పోతుంది. ఇజ్జీ పోయే వేళకే ల్యాబ్ నుంచి కబురొస్తుంది: డోనోవన్ అనే కోతికి కణితి తగ్గుతోంది. టామీకి అది ఎగతాళిగా వినిపిస్తుంది, దర్శకుడూ దాన్ని ఎగతాళిగానే వాడుకున్నాడు. ఒక మెదడు కణితికి మందు దొరికిన కథలో ఆ వార్తకు దక్కింది కొన్ని క్షణాలు.

చివర్లో నక్షత్రం పేలుతుంది, ఎండిన చెట్టు చిగురిస్తుంది. ఆ తొలి మంచు రోజు మళ్లీ వస్తుంది, ఈసారి టామీ తలుపు తోసుకుని ఆమె వెనక పరుగెడతాడు. తర్వాత సమాధి దగ్గర మంచు తవ్వి ఓ విత్తనం నాటి, ఆమెకు వీడ్కోలు చెబుతాడు. ఆ సమయానికి డోనోవన్ ల్యాబ్‌లో తన బోనులోనే ఉండాలి, కణితి కరుగుతున్న తలతో, ఎవరైనా వచ్చి చూస్తారేమోనని. మర్నాడు టామీ అక్కడికి వెళ్లాడో లేదో సినిమా చెప్పదు.